పేజీ అడుగున పేరు

నా పేరు తీసేశారు. దాదాపు రెండేళ్లు ఇంటర్నెట్‌లో ఒక పేజీ అడుగున, అందరికంటే ముందు ఉన్న పేరు, ఒక మంగళవారం పొద్దున చూస్తే లేదు. దాని చోట నాతో కలిసి రాసిన ఒక అమ్మాయి పేరు ఉంది. ఆమె పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు. నాతో ఒక మాట చెప్పలేదు, అడగలేదు. చెప్పకుండా తీసేయడం నాకు కొత్త కాదు. కాకపోతే అంతకుముందు తీసేసింది సినిమావాళ్లు.

ఒక పేజీ కోసం ఇంత కోపమా అంటారేమో. అందుకని మొదటినుంచీ చెబుతాను.

నేను షేక్‌పేటలో పుట్టాను. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఇతరుల మాటలు చూసి రాయడంలో వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఇంకా బండరాళ్ల మధ్య ఇళ్లు లేస్తున్న రోజుల్లో, దస్తూరీ బాగుందని ఒక రచయిత నన్ను ఫెయిర్ కాపీ పనికి పెట్టుకున్నాడు. ఆయన కొట్టివేతలతో, బాణం గుర్తులతో, అంచుల్లో ఇరికించి రాసిన సీనును శుభ్రంగా తిరగరాసి సెట్టు మీదికి పంపడం నా పని. ఆ మాటలన్నీ కోస్తా మాటలు. ఇంట్లో 'వచ్చిండు' అనేవాణ్ణి కాగితం మీద 'వచ్చాడు' అని రాస్తూ పదిహేనేళ్లు గడిపాను. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు కూడా అలా అబ్బిందే.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉండేది. సీనులో ఒక్క మాట మారినా కాగితం మొత్తం తిరగరాయాలి. కొత్తది చేతికిచ్చే ముందు పాతదాన్ని చింపేయాలి. సెట్టు మీద రెండు కాగితాలు తిరిగితే కొంప మునుగుతుంది. ఒకసారి మునిగింది కూడా. తండ్రి వేషం వేసినాయన పాత కాగితం చూసుకుని 'నా గడప తొక్కకు' అని గర్జించాడు. కొడుకు వేషం వేసినాయన కొత్త కాగితం ప్రకారం కళ్లనీళ్లు పెట్టుకుని 'మీ చల్లని మనసు నాకు తెలుసు నాన్నా' అన్నాడు. లైట్లు పట్టుకున్నవాళ్ల దాకా అందరూ నవ్వారు. తిట్లు మాత్రం నాకు పడ్డాయి. ఆ రోజు తర్వాత పాతది చింపకుండా నేను కొత్తది ఇచ్చింది లేదు.

పేరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఒక సినిమాకి సగం సీన్లు నేనే రాశాను. ఫెయిర్ కాపీ కాదు, రాతే. రచయితగారికి ఆరోగ్యం బాగాలేక నన్నే కానిచ్చేయమన్నాడు. టైటిల్స్‌లో 'సహకారం' అని నీ పేరు వేయిస్తాను అన్నాడు. విడుదల రోజు మా ఆవిడను ఎర్రగడ్డ దగ్గరి థియేటర్‌కు తీసుకుపోయాను. పేర్లు పడుతున్నాయి.

"ఏదయ్యా? ఎప్పుడొస్తది?"

"వస్తది, సూడు."

"గీ సన్నగున్న అక్షరాలల్లనా?"

"జర ఆగరాదు."

దర్శకుడి పేరు కూడా పడి సినిమా మొదలైపోయింది. మా ఆవిడ నా వైపు చూడలేదు. తెర వైపు చూస్తూనే అంది: "నేనే సక్కగ సూడలే. కండ్లార్పినప్పుడే వొచ్చి పోయుంటది."

ఆ మాట నాకు ఆ సినిమా కంటే ఎక్కువ కాలం గుర్తుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. చేతిరాత అవసరం లేదన్నారు. నేను యాభై దాటాక డీటీపీ సెంటర్‌లో కూర్చుని టైపింగ్ నేర్చుకున్నాను. అప్పటి తెలుగు ఫాంట్లు ఇప్పటిలా కావు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేసేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే వేషం తీసేసినట్టు పిచ్చి గుర్తులన్నీ బయటపడేవి. అలా ఎన్ని వందల సీన్లు టైపు చేశానో నాకే తెలియదు.

ఐటీ ఊపందుకుని, మాదాపూర్ వైపు కంపెనీ క్యాబులు బారులు తీరుతున్న రోజుల్లో జూబ్లీ హిల్స్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నేను పనిచేసిన నిర్మాతగారి అబ్బాయి. పెద్దాయన కాలం చేశారు. బీరువాలో ఫ్లాపీలు దొరికాయట. కొడుకు సాఫ్ట్‌వేర్ మనిషి. తండ్రి తీయించిన సినిమాల స్క్రిప్టులు తెరిస్తే అన్నీ గీతలూ చుక్కలూ.

"టైపు చేసింది మీరేనని అమ్మ చెప్పింది సార్. ఒకసారి రాగలరా?"

వెళ్లాను. కింది అంతస్తులో అదే గది. ఒకప్పుడు అక్కడ కథా చర్చలు జరిగేవి. పెద్దవాళ్లు పరుపుల మీద, నేను మూల స్టూలు మీద. ఇప్పుడు పరుపుల చోట బల్లలు, బల్లల మీద ల్యాప్‌టాప్‌లు. ఆదివారం పూట నలుగురైదుగురు చేరి ఒక లైబ్రరీ తయారు చేస్తున్నారు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఇతరులు తమ ప్రోగ్రాముల్లో పెట్టుకుని వాడుకునే కోడ్ మూట. పాత ఫాంటు తెలుగును ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో కనిపించే యూనికోడ్ తెలుగులోకి మార్చడం దాని పని. ఓపెన్ సోర్స్ అన్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దవచ్చు.

తెర మీద పిచ్చి గుర్తులు చూపించారు. నేను కళ్లజోడు సర్దుకుని గడగడా చదివాను. ఇంట్లో గొడవ సీను అది.

కిటికీ గట్టు మీద కూర్చున్న ఒక అమ్మాయి చటుక్కున దిగి వచ్చింది. "సార్! మీరు దీన్ని చదువుతున్నారా? దీన్నే?"

"ఏముందమ్మా, తెలుగే గదా."

"బాబోయ్. నేను మూడు వారాల నుంచి ఈ లైను దగ్గరే ఉన్నానండీ."

ఆమె నన్ను చూసి అసూయపడింది ఏదైనా ఉంటే ఆ ఒక్క పూటే అనుకునేవాణ్ణి. ఆ తర్వాతంతా నా వంతు.

గుంటూరు వైపు మనిషి. హైటెక్ సిటీలో ఉద్యోగం. కీబోర్డు చూడకుండా టైపు చేసేది, మాట్లాడుతూ టైపు చేసేది, టీ తాగుతూ టైపు చేసేది. తప్పు చేస్తే 'అయ్యో, నేనే తగలేశాను' అని నవ్వేది, గదంతా నవ్వేది. నా తప్పును మాత్రం ఎవరో చప్పుడు చేయకుండా దిద్దేసేవాళ్లు. నాతో కలిసి ఎవరూ నవ్వలేదు. నిర్మాతగారి అబ్బాయి ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు, నన్ను సార్ అనేవాడు. సార్ అనడం మర్యాదేనని నాకు తెలుసు. కానీ సందేహం వస్తే అందరి మెడలూ ఆమె వైపు తిరిగేవి. టీ మొదట నాకే ఇచ్చేవాళ్లు, మాట మొదట ఆమెను అడిగేవాళ్లు. నేను ఇవన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ వయసులో ఏం బుద్ధి అది అంటే, ఏ వయసులోనైనా నా బుద్ధి అంతే.

లైబ్రరీ తయారైతే సరిపోదు, దాన్ని ఎలా వాడాలో, ఎలా బాగుచేయాలో రాసిపెట్టాలి. దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. తెలుగులో కూడా ఉండాలని, అప్పుడే జిల్లాల్లో కాలేజీ పిల్లలు వచ్చి చేయి కలుపుతారని వాళ్ల ఆలోచన. అందరూ కలిసి ఒకే పేజీ మీద రాయాలి. 'మొదటి అడుగులు' అనే పేజీ అప్పటికే ఆ అమ్మాయి మొదలుపెట్టింది. నాకూ ఒక ఖాతా తెరిచి ఇచ్చారు.

రాసే పద్ధతి బాగుండేది. పేజీలో ఉన్నది ఉన్నట్టు నేను చేయాలి. నేను ఎక్కడ ఆగిపోతే అక్కడ తప్పు పేజీదన్నట్టు, నాది కాదు. నా జన్మలో నాది తప్పు కాదన్న పద్ధతి అదొక్కటే.

ఒక వాక్యం దగ్గర ఆగాను. "'ఇక మిగిలింది సులువే' అని రాసినవేందమ్మా? ఎవరికి సులువు?"

"అంటే... రెండు కమాండ్లే కదండీ."

"నీకు రెండు. నాకు ఇయ్యాల్టి పొద్దంతా. కొట్టెయ్."

నవ్వింది. "కొట్టేశా సార్. ఇంకా ఏమైనా ఉన్నాయా, సులువులు?"

"మూడున్నయ్. 'అందరికీ తెలిసినట్టే' అని ఒకటుంది, అది గూడ తీసెయ్."

అన్ని చోట్లా తీయించాను. నేను ఆగిపోయిన చోటల్లా, కమాండు కొట్టాక నల్ల తెర మీద ఏమీ రాక గాభరా పడ్డ చోట కూడా, నా మాట ఒకటి చేర్చాను. నిన్న షూటింగ్‌కు రాని అసిస్టెంటు కూడా ఇవాళ కాగితం చూసి ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పగలిగేలా సీన్లు రాసినవాణ్ణి. ఇదీ అదే పని అనిపించింది. నిన్న లేనివాడికోసం రాయడం. అది నాకు వచ్చు. ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ రాదని కూడా అనుకున్నాను.

ఇక్కడే నా అలవాటు నాతో వచ్చింది. పేజీలో ఒక్క మాట మార్చాలన్నా నేను ఇంటికి ప్రింటు తెచ్చుకుని, మొత్తం చేత్తో తిరగరాసుకుని, ఫిల్మ్‌నగర్‌లోని ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని మొదటి అక్షరం నుంచి టైపు చేసేవాణ్ణి. ముందు పాత పేజీని పూర్తిగా తుడిచేసేవాణ్ణి. తర్వాత కొత్తది పెట్టేవాణ్ణి.

"సార్, మీరు మళ్లీ మొత్తం పేజీ పెట్టారు," అనేవాడు నిర్మాతగారి అబ్బాయి.

"అవును బాబూ. మొత్తం పెట్టిన."

అది మెచ్చుకోలు అనుకున్నాను.

ప్రతి పేజీ అడుగున 'రాసినవారు' అని ఒక జాబితా వచ్చేది. దాన్ని మనుషులు వేయరు, యంత్రమే వేస్తుంది. పేజీలో ఇప్పుడున్న వరుసల్లో ఎవరు పెట్టినవి ఎక్కువో వాళ్ల పేరు ముందు. రెండో నెలకే నా పేరు అన్నిటికంటే పైకి వచ్చింది. ఆమె పేరు కిందికి జారి, ఒక రోజు అసలే కనిపించకుండా పోయింది. నాకు ఎంత సంతోషమైందో దాచుకోను. ఇంతమంది ఇంజనీర్లలో ఐదో తరగతి వాడి పేరు పైన. యంత్రానికి మొహమాటం లేదు, ప్రాంతం లేదు, నా వెనకాల ఎవరున్నారని అడగదు. ఉన్నది ఉన్నట్టు లెక్కేసింది అనుకున్నాను.

మా ఆవిడను ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయాను. ఆమెకు చదువు రాదు, నా పేరు ఆకారం మాత్రం తెలుసు. వేలు తెరకు ఆనించింది.

"గిదేనా?"

"అదే."

"కండ్లార్పితె పోదు గదా?"

"పోదు. ఎప్పుడొచ్చి సూసినా ఉంటది."

ఆమె కావాలనే కళ్లు మూసి, తెరిచి, మళ్లీ చూసింది. సెంటర్ నడిపేవాడు నవ్వాడు. ఆ పేజీ ప్రింటు తీయించి రేషన్ కార్డు పెట్టే ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

అసూయ అంతటితో తగ్గాలి కదా? తగ్గలేదు. ఆమె పేరు పోయినా, ఆమెనే ఒక కాలేజీలో మాట్లాడమని పిలిచారు. తిరిగొచ్చి, 'పిల్లలు మన పేజీ చూసి చేసేశారండీ, ఒక్కరూ ఆగలేదు' అంది. 'మన' పేజీ అట. తన పేరు లేని పేజీని మన అనడానికి ఎంత ధైర్యం అనుకున్నాను. ఆ మాట అప్పుడు నాకు అలాగే వినిపించింది.

ఇక ఆ మంగళవారం. కరెంటు బిల్లు కట్టి వస్తూ సెంటర్‌లోకి దూరాను. పేజీ కొత్తగా ఉంది. ఎడమ పక్క విషయసూచిక, వెతుక్కునే గడి, కోడ్‌కు వెనకాల బూడిద రంగు. మాటలన్నీ అవే. అడుగున ఆమె పేరు. పైకీ కిందికీ జరిపి చూశాను. మిగతా పేజీలు తెరిచి చూశాను. అన్నిటి కిందా ఆమె ఒక్కతే.

ఇంటికి వెళ్లాక మా ఆవిడ అడిగింది: "ఏమయ్యా, మొకం గట్లున్నదేంది?"

"పేరు తీసేసిండ్రు."

"నేను సూసిన గదా," అంది. "ఈసారి మంచిగ సూసిన. ఉండె."

ఆదివారం ఆ గదికి వెళ్లలేదు. ఫోన్ వస్తే ఎత్తలేదు. మూడు రోజులు కూర్చుని ఉత్తరం రాశాను, నాలుగుసార్లు ఫెయిర్ చేశాను. అందరికీ వెళ్లే గుంపు మెయిల్‌కే పంపాను. ఆమె ఒక్కదానికి పంపితే నవ్వి ఊరుకుంటుందని. టైటిల్స్ సంగతి రాశాను. పైన ఉన్నవాళ్లు కిందివాళ్ల రాత తీసుకుని తమ పేరు వేసుకోవడం జూబ్లీ హిల్స్ నీళ్లలోనే ఉందేమోనని రాశాను. నేను తీయించిన 'సులువే'ల సంగతి, నల్ల తెర సంగతి రాశాను. చివర ఇలా రాశాను: "ఈ పేజీలో ఒక వాక్యం ఉంది. 'మీ పాత ఫైలు పాతగానే ఉంటుంది, దాని పక్కనే కొత్తది పుడుతుంది.' నా జీవితంలో నేను రాసిన మంచి వాక్యం ఇదొక్కటే. సినిమాకి రాసినవి అన్నీ తీసుకున్నారు, ఇదొక్కటి నాకు వదిలేయండి."

ఆ వాక్యాన్ని నేను ముప్ఫైసార్లయినా చేత్తో రాసి ఉంటాను. రాసేటప్పుడల్లా చేయి దానంతటదే కదిలేది. 'పుడుతుంది' దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో కుదుటపడేది. నాది కాకపోతే అలా ఎందుకు ఉంటుంది?

నాలుగు రోజులు ఎవరూ పలకలేదు. ఐదో రోజు ఆమె జవాబు వచ్చింది. గుంపుకు కాదు, నాకు ఒక్కడికే. అది కూడా కావాలనే చేసింది, అందరి ముందు నా పరువు కాపాడటానికి. నాకు ఆమె మీద ఇప్పటికీ మంట తీరనిది అందుకే. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటివ్వలేదు. ఆ జవాబు కింద ఇస్తున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు, ఫెయిర్ చేయలేదు.

"నమస్కారం సార్.

ఆలస్యమైంది, క్షమించండి. ఉత్తరం రెండుసార్లు చదివి, ఏం జరిగిందో చూడటానికి టైం పట్టింది.

మీరన్నది నిజం. పేజీలన్నీ కొత్త రూపంలోకి మార్చడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది పాత పేజీలు తుడిచేసి కొత్తవి పెట్టింది. పెట్టింది నా ఖాతాతో కాబట్టి ప్రతి వరుసా నా పేరున పడింది. మీ ఒక్కరిదే కాదండీ, పదకొండుమంది పేర్లు పోయాయి. చూసుకోకుండా పెట్టడం నా తప్పు.

జాబితాను ఇప్పుడు మరోలా వేయించాను. ఒక వాక్యం ఇప్పుడు ఎవరి ఖాతాలో ఉందని కాదు, మొట్టమొదట ఎవరు రాశారని చరిత్రలో వెనక్కి వెతుకుతుంది. పాత మార్పులన్నీ ఉన్నాయి, ఏదీ చిరిగిపోలేదు.

చెప్పకపోతే రేపు మీరే చూస్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ పాత ఫైలు వాక్యం నాదండీ. మొదటి ఆదివారం రాశాను, మీరు మాతో కలవకముందు. చరిత్రలో ఆ రోజు తీసి చూడండి. మీరు మొత్తం పేజీ తుడిచి పెట్టినప్పుడు అది మీ పేరున పడింది. నా పేరు రెండో నెలకు పూర్తిగా పోయింది. చెప్పొద్దూ, ఆ రోజు క్యాబ్‌లో ఇంటికి వెళ్తూ ఏడ్చాను. మీకు చెబుదామని రెండుసార్లు పేజీ తెరిచాను. తెరిచిన ప్రతిసారీ దాని కింద మీరు చేర్చింది కనపడేది. 'నల్ల తెర మీద ఏమీ రాకపోతే గాభరా పడకండి, పని జరిగినట్టే. నేను గాభరా పడ్డాను.' కాలేజీలో పిల్లలు పైకి చదివి చప్పట్లు కొట్టింది దానికి. నాది ఎవరూ చదవలేదు. నల్ల తెర చూసి మొదటిసారి ఎప్పుడు భయపడ్డానో నాకు గుర్తు లేదు సార్, అందుకే అలాంటిది నేను రాయలేను. అప్పుడు నాకు మీ మీద కుళ్లు పుట్టింది. చెబితే ఆ కుళ్లుతో అన్నట్టు ఉంటుందని ఊరుకున్నాను, మంచితనం కాదు.

కొత్త జాబితాలో మొదట నేను, తర్వాత మీరు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ లెక్క అంతే వచ్చింది. ఆంటీగారిని తీసుకెళ్లి చూపించండి. ఈసారి ఎవరు తుడిచినా పోదు, మీరు తుడిచినా సరే.

ఫ్లాపీలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఒక ఫాంటు మాకెవరికీ అంతుపట్టడం లేదు. ఆదివారం రండి. ఒక్క మనవి సార్, ఇకనుంచి మారిన ముక్క మాత్రమే పంపండి. మిగతా పేజీని మేం ఎక్కడికీ తీసుకుపోం."